ఎవరి ఒళ్లు… వారి గురి

*రైఫిల్ పట్టుకునే తీరు పుస్తకంలో ఒకటే ఉంటుంది. పట్టుకునే ఒళ్లు మాత్రం పదిరకాలు. చేయి పొడవు, మెడ ఎత్తు, నడుము వెడల్పు, ఏ కన్ను ముందుంటుంది… ఇవన్నీ చూశాకే గురి. ఎన్‌సీసీ మైదానం నుంచి ఒలింపిక్ ఫైనల్ దాకా ఇదే లెక్క.*

2012 జులై 30. లండన్‌లో వూలిచ్ రాయల్ ఆర్టిలరీ బ్యారక్స్. పురుషుల పది మీటర్ల ఎయిర్ రైఫిల్ ఫైనల్ ముగిసేసరికి రుమేనియాకు చెందిన అలిన్ మొల్దోవెయాను 702.1 పాయింట్లతో మొదటి స్థానంలో ఉన్నాడు. ఇటలీ కుర్రాడు నికోలో కాంప్రియాని 701.5తో రెండో స్థానం. మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 701.1తో మూడో స్థానం. స్వర్ణానికీ కాంస్యానికీ తేడా సరిగ్గా ఒక్క పాయింటు.

పతకాలు మెడలో వేసుకుని నిలబడ్డ ఆ ముగ్గురి ఫొటో చూడండి. ఒకరి ఒడ్డూ పొడుగూ ఒకరికి లేవు. గగన్ భారీ మనిషి. పక్కనున్న ఇటలీ కుర్రాడు అందులో సగం ఉన్నట్టు కనిపిస్తాడు. ఆటగాడంటే ఇలా ఉండాలని మనం మనసులో గీసుకున్న బొమ్మకు గగన్ ఎప్పుడూ సరిపోలేదు. ‘ఈ ఒళ్లేసుకుని ఆటేమిటి’ అనే మాటకు ఆయన దగ్గర ఒలింపిక్ కాంస్యం ఉంది, 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో గెలిచిన నాలుగు స్వర్ణాలున్నాయి. ఆయన మొల్దోవెయానులా నిలబడాలని చూసి ఉంటే ఈ పతకాలు వచ్చేవి కావు. తన బరువుకు, తన నడుముకు, తన చేతులకు కుదిరిన తీరులో నిలబడ్డాడు.

పది మీటర్ల దూరంలోని లక్ష్యం మీద ‘పది’ పాయింట్లంటే అర మిల్లీమీటరు చుక్క. పెల్లెట్ మందం నాలుగున్నర మిల్లీమీటర్లు కాబట్టి దాని అంచు ఆ చుక్కకు తగిలితే చాలు. అంటే నడిమధ్య నుంచి రెండున్నర మిల్లీమీటర్ల దాకా మాఫీ. కంటి నుంచి రైఫిల్ కొసన గురి చూసే ముందు సైట్ దాకా సుమారు మీటరు అనుకుని లెక్క వేయండి. ఇక్కడ పావు మిల్లీమీటరు పక్కకు జరిగితే అక్కడ పది పోయినట్టే. చేతిలో ఉన్నదేమో అయిదు కిలోల పైచిలుకు రైఫిల్. నిబంధన ప్రకారం అయిదున్నర కిలోలు మించకూడదు. గంటా పావులో అరవై గుళ్లు కాల్చాలి. ప్రతి గుండుకూ ఎత్తాలి, నిలపాలి, దించాలి.

కండబలంతో దీన్ని మోయాలని చూస్తే పదో గుండుకే చేయి వణుకుతుంది. అలసిన కండ వణకడం సహజం. ఎముక అలసిపోదు. రైఫిల్ బరువు అరచేతి నుంచి మోచేతికి, మోచేతి నుంచి తుంటి ఎముకకు, అక్కడి నుంచి కాళ్ల మీదుగా నేలలోకి దిగిపోవాలి. పొజిషన్ అంటే ఇంతే. అయితే ఎముకల పొడవులు ఎవరివి వారివి. అందుకే ఒకరి పొజిషన్ ఇంకొకరికి పనికిరాదు. టైలర్ దగ్గర పక్కింటి అబ్బాయి కొలతలిచ్చి మన చొక్కా కుట్టించుకుంటే ఎలా ఉంటుందో, చాంపియన్ ఫొటో చూసి నిలబడటం నేర్చుకున్నా అలాగే ఉంటుంది.

అక్షరం ముద్ర పడ్డ బట్

ఇక మన మెదక్ సంగతి. మెదక్ పేరు ఆయుధాల లోకానికి కొత్త కాదు. ఎద్దుమైలారంలో బీఎంపీ-2 సైనిక వాహనాలు తయారుచేసే ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ పేరులో ఉన్నది మెదక్కే. 2016 జిల్లాల విభజనలో ఆ ఊరు సంగారెడ్డికి పోయినా ఫ్యాక్టరీకి పాత పేరే మిగిలింది. మెదక్ ఖిల్లా మీద పాత ఫిరంగి ఉండనే ఉంది. ఫిరంగికి కాల్చేవాడి ఒడ్డూ పొడుగుతో పని లేదు. రైఫిల్‌కు ఉంది.

మన పట్టణాల్లో చాలామందికి రైఫిల్‌తో మొదటి పరిచయం ఎన్‌సీసీలోనే. క్యాంపులో పాయింట్ టూ టూ రైఫిల్ ఇచ్చి, నేల మీద పడుకోబెట్టి గ్రూపింగ్ కాల్పిస్తారు. ఒకే రకం రైఫిల్, ఒకే కమాండ్, ఒకే భంగిమ. ఆరడుగుల డిగ్రీ కుర్రాడికీ అదే, ఎనిమిదో తరగతి చదివే నాలుగున్నర అడుగుల పిల్లకూ అదే. ఆ పిల్ల రైఫిల్ వెనక భాగమైన బట్‌ను భుజానికి ఆనిస్తే ట్రిగ్గర్ అందదు. ట్రిగ్గర్ అందుకుంటే బట్ భుజం దాటి చంకలోకి జారుతుంది. కన్ను సైట్‌కు దూరమై, మెడ కొంగలా ముందుకు సాగుతుంది. ‘మెడ గుంజుతున్నది సార్’ అంటుంది. ‘అలవాటైతది తీయ్ బిడ్డా’ అని సమాధానం వస్తుంది. నాకు నచ్చనిది ఈ మాటే. మెడకు అలవాటు కావడం వేరు, మెడ సరిగ్గా ఉండటం వేరు.

నిజానికి సైన్యాలకు ఈ సంగతి వందేళ్ల కిందటే తెలుసు. మన పోలీసులు దశాబ్దాల పాటు మోసిన త్రీ నాట్ త్రీ ఉంది కదా, ఆ లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కు చెక్క బట్‌లు నాలుగు పొడవుల్లో తయారయ్యేవి. లాంగ్, నార్మల్, షార్ట్, అన్నిటికంటే పొట్టిది బాంటమ్. ఒకదానికీ ఇంకొకదానికీ అర అంగుళం తేడా. మామూలు పొడవుకు చాలాసార్లు గుర్తు ఉండదు. మిగతా వాటి మీద ఎల్, ఎస్, బి అని ముద్ర వేసేవారు. సిపాయి చేయి పొడవును బట్టి బట్ మార్చి ఇచ్చే ఏర్పాటు అది. సామ్రాజ్యాన్ని నడిపినవాళ్లకు సిపాయి మెడ మీద జాలి ఉండి కాదు, గుండు వృథా పోకూడదని.

డబ్బున్నవాళ్లు ఇంకో మెట్టు ఎక్కారు. లండన్ తుపాకుల తయారీదారుల దగ్గర అన్ని వైపులా కదిలే కీళ్లున్న ‘ట్రై గన్’ అనే కొలతల తుపాకీ ఉండేది. దొరగారు దాన్ని భుజానికెత్తితే, వాళ్లు బట్ పొడవు, వంపు, పక్కవాటం కొలిచి, ఆ కొలతలకు చెక్క చెక్కేవారు. మెదక్ పక్కనే ఉన్న పోచారం అడవి నిజాముల వేట అడవి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులుల వేటలో గురి తప్పనివాడని పేరు. కొలత ప్రకారం చేయించుకున్న తుపాకీ ఆ కాలంలో పాలకుల భోగం. ఇవాళ పోటీ రైఫిల్‌లో నాలుగు స్క్రూలు తిప్పితే ఆ భోగం ఎవరికైనా దక్కుతుంది. తిప్పి చూపించేవాళ్లే తక్కువ.

నిలబడి చూద్దాం

కుడిచేతి వాటం మనిషిని తీసుకుందాం. లక్ష్యానికి ఎడమ పక్క తిప్పి నిలబడతాడు. పాదాలు దాదాపు భుజాల వెడల్పు. ఎడమ తుంటిని కొంచెం లక్ష్యం వైపు తోస్తాడు. ఎడమ మోచేతిని తుంటి ఎముక మీద పెడతాడు. రైఫిల్ బరువు ముందుకు లాగుతుంది కాబట్టి దానికి సరిజోడుగా నడుము పైభాగం వెనక్కి, కొద్దిగా పక్కకు వాలుతుంది. ఇక్కడిదాకా అందరికీ ఒకటే. అసలు తేడాలు ఇక్కడి నుంచే.

నడుము పొడవై, చేతులు పొట్టిగా ఉన్నవారికి మోచేయి తుంటిదాకా దిగదు. బలవంతంగా దింపితే భుజం కుంగుతుంది, రైఫిల్ గురి కిందికి పోతుంది. అలాంటివారు పక్కటెముకల మీద ఆనించుకోవాలి. నిబంధనలు దానికి ఒప్పుకుంటాయి. రైఫిల్ ఎత్తు చాలకపోతే కింద పట్టే చేతి తీరు మార్చుకోవచ్చు. అరచేయి పరిచి పట్టుకుంటే రైఫిల్ తక్కువ ఎత్తులో ఉంటుంది. పిడికిలి బిగించి మెటికల మీద నిలిపితే పైకి లేస్తుంది. వేళ్లను విడదీసి, బొటనవేలితో కలిపి పట్టుకునే పద్ధతి ఇంకొకటి. ‘అందరూ పిడికిలే పట్టండి’ అనే శిక్షకుడు చేతి పొడవు కొలవని శిక్షకుడని నా నమ్మకం.

ఇక మెడ. తల నిటారుగా ఉండి, రైఫిలే చెంపకు రావాలి. తల వంచి చూస్తే కన్ను కనుబొమ్మ కిందినుంచి చూడాల్సి వస్తుంది. పైగా ఒంటి తూకం చెప్పే యంత్రాంగం చెవి లోపలే ఉంది. తల ఒరిగితే అదీ తికమకపడుతుంది. మెడ పొడవున్నవారు చెంప ఆనే చీక్ పీస్ పైకి లేపాలి, భుజానికి ఆనే బట్ ప్లేట్ కిందికి దించాలి. అదీ చాలకపోతే సైట్ల కింద ఎత్తు దిమ్మలు పెట్టుకోవాలి. పొట్టి మెడవారికి ఇదంతా తిరగేసి చేయాలి.

బొజ్జ ఉన్నవారి సంగతి? బరువు ఎక్కువగా ఉన్న మనిషి కాళ్లు కొంచెం ఎడంగా పెట్టుకుంటే నేలకు బాగా అతుక్కుంటాడు, ఊగడం తగ్గుతుంది. మోచేయి ఆనే చోటు మెత్తగా ఉంటే మాత్రం రైఫిల్ ఆ మెత్తదనంలో ఊగుతుంది. ఇంకాస్త పక్కకు జరిపి గట్టి ఎముకను వెతుక్కోవాలి. లావు వల్ల గురి రాదనడం అబద్ధం, లావుతో లెక్కే లేదనడమూ అబద్ధం.

ఆడపిల్లలకు వెడల్పాటి తుంటి మోచేతికి మంచి అరుగులా పనికొస్తుందని కోచ్‌లు చాలాకాలంగా గమనిస్తున్నారు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో రైఫిల్ పోటీలో మగవాళ్లతో కలిసి పోటీపడిన అమెరికా మహిళ మార్గరెట్ మర్డాక్, స్వర్ణం గెలిచిన లానీ బాషమ్‌తో సమానంగా పాయింట్లు తెచ్చుకుంది. టై విడగొట్టే లెక్కలో ఆమెకు రజతం వచ్చింది. పతకాల వేళ జాతీయ గీతం మొదలవగానే బాషమ్ ఆమెను తన మెట్టు మీదికి లాక్కున్నాడు. 1984 నుంచి మహిళలకు వేరు రైఫిల్ పోటీలు పెట్టారు. అమెరికా కాలేజీ రైఫిల్ పోటీల్లో మాత్రం ఇప్పటికీ ఆడా మగా ఒకే వరుసలో నిలబడి కాలుస్తారు. ‘ఆడపిల్లకు రైఫిల్ బరువు’ అనేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

నిలబడి వెనక్కి వాలే ఈ భంగిమకు వెన్నెముక మూల్యం చెల్లిస్తుంది. 2006లో జాగ్రెబ్‌లో ప్రపంచ చాంపియన్ అయిన అభినవ్ బింద్రా ఆ వెంటనే వెన్నునొప్పితో రైఫిల్ ఎత్తలేని స్థితికి వచ్చాడు. ఆ ఏడాది దోహా ఆసియా క్రీడలు పోగొట్టుకున్నాడు. కోలుకుని 2008 ఆగస్టు 11న బీజింగ్‌లో స్వర్ణం తెచ్చాడు. అంతటివాడికే తప్పలేదు. కాబట్టి ఎదిగే పిల్లలు నడుము నొప్పి అంటే ‘ఓర్చుకో’ అనకండి. ఎంత వెనక్కి వాలాలనేది వెన్ను ఒప్పుకున్నంతవరకే.

పడుకుని, మోకరించి

ప్రోన్, అంటే బోర్లా పడుకుని కాల్చే పొజిషన్, చూడటానికి సులువు. కాళ్లు బార్లా చాపి, మడమలు నేలకు ఆనించి పడుకోవడం సైన్యం పాత పద్ధతి. ఎన్‌సీసీలోనూ ఎక్కువగా అదే. సన్నగా ఉన్నవారికి బాగానే కుదురుతుంది. ఛాతీ లోతుగా, పొట్ట నిండుగా ఉన్నవారు అలా పడుకుంటే ఊపిరి తీసినప్పుడల్లా ఒళ్లంతా లేచి పడుతుంది. గుండె కొట్టుకోవడం సైట్‌లో కనిపిస్తుంది. వాళ్లు కుడి మోకాలిని పక్కకు మడిచి, ఒంటిని కొంచెం ఎడమ పక్కకు ఒరిగిస్తే పొట్ట నేల నుంచి లేస్తుంది, శ్వాస తేలికవుతుంది. పోటీల్లో ఎక్కువమంది చేసేది ఇదే. ముందు చేయి నేలతో 30 డిగ్రీలకు తగ్గకూడదన్నది నిబంధన. చేతులు పొడుగున్నవారు చేయి మరీ ముందుకు చాపి రైఫిల్‌ను నేలబారుగా దించేస్తే ఆ గీత దాటతారు.

మోకరించే నీలింగ్‌లో చీలమండ కింద ఒక దిండు పెట్టుకోవచ్చు. పొడవు 25 సెంటీమీటర్లు, మందం 18 సెంటీమీటర్లు మించకూడదు. అందులో ఎంత నింపాలన్నదే రహస్యమంతా. చీలమండ గట్టిగా ఉన్నవారికి నిండుగా కావాలి, వంగేవారికి కొంచెం చాలు. మోచేయి మోకాలి కొన మీద కాకుండా కొంచెం ముందో వెనకో ఆనాలి. కాలి పొడవును బట్టి ఆ చోటు మారుతుంది. నేల మీద కూర్చుని అన్నం తిని పెరిగిన మన పల్లె పిల్లలకు కుర్చీల పిల్లల కంటే ఈ పొజిషన్ తొందరగా పట్టుబడాలని నాకనిపిస్తుంది.

2024 పారిస్‌లో ఈ మూడు పొజిషన్ల పోటీలోనే అప్పటి రైల్వే టీటీఈ స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచాడు. మోకరించి, పడుకుని, నిలబడి ఇరవయ్యేసి గుళ్లు. పొజిషన్ మారినప్పుడల్లా బట్ ప్లేట్, చీక్ పీస్, సైట్లు మార్చుకోవాలి. అంటే ఒకే మనిషికి ఒకే రైఫిల్ మూడు కొలతల్లో కావాలి. ఇక వేర్వేరు మనుషులకు ఒకే కొలత ఎలా సరిపోతుంది?

చర్చి శిఖరం మీద కన్ను

ఒక పరీక్షకు తుపాకీ అక్కర్లేదు. 1924 క్రిస్మస్ నాడు ప్రారంభమైన మెదక్ చర్చి శిఖరం 175 అడుగులు. ఊళ్లో చాలాచోట్ల నుంచి కనిపిస్తుంది. దూరంగా నిలబడి రెండు చేతులూ ముందుకు చాపండి. బొటనవేళ్లూ చూపుడువేళ్లూ కలిపి మధ్యలో చిన్న కంత వదలండి. రెండు కళ్లూ తెరిచే శిఖరాన్ని ఆ కంతలో పెట్టుకోండి. ఇప్పుడు ఎడమ కన్ను మూయండి. శిఖరం అక్కడే ఉంటే మీ కుడి కన్ను ముందుండే కన్ను. కంత లోంచి మాయమైతే మీది ఎడమ కన్ను వాటం.

చేయి కుడివాటం, కన్ను ఎడమవాటం ఉన్నవాళ్లు మనం అనుకునేదానికంటే ఎక్కువమందే ఉంటారు. అలాంటి పిల్లాడు కుడి భుజం మీద రైఫిల్ పెట్టుకుని కాలిస్తే గుళ్లు ఎటుపోతున్నాయో వాడికీ తెలియదు, నేర్పేవారికీ తెలియదు. ‘వీడికి గురి లేదు’ అని పక్కన పెట్టేస్తారు. కొత్తగా మొదలుపెట్టేవారైతే ఎడమ భుజానికి మారడమే మేలు. అలవాటు ముదిరితే ఎడమ కంటి ముందు అడ్డు పట్టీ పెట్టుకోవచ్చు. 30 మిల్లీమీటర్ల వెడల్పు దాకా నిబంధన ఒప్పుకుంటుంది. కన్ను గట్టిగా మూసుకోవడం మాత్రం వద్దు. ఒక కన్ను బిగిస్తే రెండోదీ బిగుస్తుంది.

రెండో పరీక్షకు రైఫిల్ కావాలి. గుండు లేకుండా, రేంజ్‌లో, శిక్షకుడి ఎదుట గురిపెట్టి నిలబడాలి. కళ్లు మూసుకుని, రెండు మూడు ఊపిరులు తీసి, ఒళ్లు వదులు చేసి, కళ్లు తెరవాలి. సైట్ ఎటు చూస్తోందో అదే మీ ఒంటి సహజ గురి. లక్ష్యానికి కుడి పక్కకు పోతే చేతులతో లాక్కురాకూడదు. లాగినంతసేపూ కండ పనిచేస్తుంది, ట్రిగ్గర్ నొక్కే క్షణంలో వదిలేస్తుంది. వెనక పాదాన్ని అంగుళంలో నాలుగో వంతు జరిపి మళ్లీ కళ్లు మూయాలి. గురి దానంతట అదే లక్ష్యం మీద వాలేదాకా పాదాలే కదలాలి. శిక్షణలో ఇంతకంటే విసుగు పుట్టించే పని లేదు, ఇంతకంటే లాభమున్నదీ లేదు.

కూర్చునే ‘స్టాండింగ్’

ఒంటికి తగ్గట్టు పొజిషన్ కట్టుకోవడం ఎంతదాకా పోతుందో చూడాలంటే పారా షూటింగ్ చూడాలి. జైపూర్ అమ్మాయి అవనీ లేఖరాకు 2012లో జరిగిన ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడింది. టోక్యో పారాలింపిక్స్‌లో 249.6, పారిస్‌లో 249.7 స్కోర్లతో రెండు స్వర్ణాలు గెలిచింది. ఆ పోటీ పేరు ఎయిర్ రైఫిల్ స్టాండింగ్. ఆమె కాల్చేది చక్రాల కుర్చీలో కూర్చుని. స్టాండింగ్ పోటీలో మోచేతులు బల్లకో కుర్చీకో ఆనించకూడదు. రైఫిల్ బరువు మోయలేని చేతులున్నవారికి వేరే వర్గం ఉంది, అందులో రైఫిల్‌కు స్ప్రింగ్ స్టాండ్ ఇస్తారు. ఒళ్లు ఇంతే అని ఒప్పుకున్నాక, ఆ ఒంటితో ఏం చేయొచ్చో అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టారు.

ఒంట్లో లోటు గురికి అడ్డం కాదనడానికి మన దగ్గరే ఇంకో సాక్ష్యం ఉంది. హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్‌కు పుట్టుకతో వినికిడి లేదు. గగన్ నారంగ్ నెలకొల్పిన గన్ ఫర్ గ్లోరీ అకాడమీలో తయారై, బ్రెజిల్‌లో 2022లో జరిగిన బధిరుల డెఫ్లింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ స్వర్ణం తెచ్చాడు. 2025 టోక్యో డెఫ్లింపిక్స్‌లోనూ స్వర్ణమే. వినికిడి ఉన్నవాళ్ల జూనియర్ పోటీల్లోనూ భారత జట్టు తరఫున కాల్చాడు.

జేబు సంగతి

మెదక్ పిల్లలకు ఈ ఆట అందనిదేమీ కాదు. 2022 సెప్టెంబరులో అక్కన్నపేట లైను మొదలయ్యాక మెదక్‌లోనే రైలెక్కి కాచిగూడలో దిగొచ్చు. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ షూటింగ్ రేంజ్ ఉంది. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం పాయింట్ వన్ సెవెన్ సెవెన్ బోరు మించకుండా, 20 జౌళ్లలోపు శక్తి ఉండే ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. పాయింట్ టూ టూకు మాత్రం కావాలి.

అడ్డం వచ్చేది ఖర్చు. దిగుమతి పోటీ రైఫిల్ ధర లక్షల్లో ఉంటుంది. గగన్‌కు రైఫిల్ కొనడానికి ఆయన తండ్రి స్థలం అమ్మిన సంగతి చాలామందికి తెలుసు. ఆ కథ విని చాలామంది తల్లిదండ్రులు ముందు రైఫిల్ కొంటారు, తర్వాత కోచ్‌ను వెతుకుతారు. అది తలకిందుల పని. కాన్వాస్ జాకెట్, ప్యాంటు కూడా ఒంటి కొలతకే కుట్టిస్తారు. బట్ట మందం రెండున్నర మిల్లీమీటర్లు మించకూడదు. గుండీలు పెట్టుకునే చోటు దాటి ఇంకో ఏడు సెంటీమీటర్లు మడత పడేంత వదులు ఉండాలి. పదమూడేళ్ల పిల్లకు కుట్టిస్తే పదిహేనేళ్లకు బిగుతైపోతుంది. రైఫిల్‌ను స్క్రూలు తిప్పి పెంచుకోవచ్చు, జాకెట్‌ను పెంచలేం.

ఎన్‌సీసీ అధికారులకు, స్కూలు వ్యాయామ ఉపాధ్యాయులకు ఒక మనవి. పిల్లల్ని వరుసగా పడుకోబెట్టే ముందు ఏ కన్ను వాటమో చూడండి. మోచేయి మడిచి, రైఫిల్ బట్‌ను మోచేతి మడతలో పెట్టి, చూపుడువేలు ట్రిగ్గర్‌కు అందుతుందో లేదో చూడండి. ఒక్కో పిల్లకు రెండు నిమిషాలు పట్టదు. అందకపోతే తప్పు పిల్లది కాదు.

తల్లిదండ్రులకు చెప్పేది ఇంకా సూటిగా చెబుతాను. మొదటి ఆరు నెలలు అకాడమీ రైఫిల్‌తోనే కాల్చనివ్వండి. అది ఎన్ని స్క్రూలు తిప్పితే మీ బిడ్డ ఒంటికి కుదిరిందో ఒక నోటుబుక్కులో రాయించండి. బట్ పొడవు, చీక్ పీస్ ఎత్తు, పాదాల మధ్య ఎడం, చేయి పట్టు… అన్నీ. ఆ కాగితం చేతిలో లేకుండా దుకాణానికి వెళ్లకండి.